పోపు మూకుడు దగ్గరికి కెమెరా తీసుకెళ్లే ముందు

చిరంజీవి సుధకు మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. "నీ మేనకోడలికి పిచ్చి పట్టింది, జీతం డబ్బులు పెట్టి లెన్స్ కొని పోపుల డబ్బాకి ఫొటోలు తీస్తోంది" అని నీ మీద చాడీలు. ఆ పిచ్చి మన ఇంటిదేలే అన్నాను. నువ్వు పంపిన జీలకర్ర ఫొటో మీ అత్తకి చూపిస్తే, గొంగళిపురుగేమో అనుకుని ఫోన్ దూరం పెట్టేసింది. గింజ మీద గీతలుంటాయని తెలుసు గానీ, వాటి వెంట అంత నూగు ఉంటుందని ఇన్నేళ్లూ స్టూడియో నడిపిన నేనూ గమనించలేదు. నిన్నటి నుంచీ షాపుకి వచ్చిన ప్రతివాడికీ చూపిస్తున్నాను.

ఆ సంబరంలో ఉండగానే మీ అమ్మ అసలు సంగతి చెప్పింది. కాగిన నూనెలో ఆవాలు చిట్లడం దగ్గర్నుంచి తీస్తావట. అందుకే ఈ ఉత్తరం. వాట్సాప్‌లో చెబితే బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటావు.

ట్రైపాడ్ లేకుండా మొదలెట్టకు. తీసేటప్పుడు ఫ్యాన్ ఆపు. టైమర్ వాడు. ఆటోఫోకస్ కట్టేసి, కెమెరానే వెంట్రుకవాసి ముందుకీ వెనక్కీ జరుపు. స్టీలు గ్లాసు లాంటివి తీస్తే అందులో నీ ముఖమే కనిపిస్తుంది కాబట్టి చుట్టూ బటర్ పేపర్ కట్టి లెన్స్ దూరేంత కన్నం పెట్టు. లెన్స్‌ని తేమకి భయపడి బియ్యం డబ్బాలో దాచకు, తవుడంతా సందుల్లోకి పోతుంది. సిలికా జెల్ పొట్లాలు వేసి గాలి చొరబడని డబ్బాలో పెట్టు.

ఫోకస్ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. వస్తువు ఎంత ఉందో సెన్సర్ మీద అంతే పడేట్టు తీస్తే, ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో, అంటే సెన్సర్ పాత ఫిల్ము ఫ్రేమంత ఉండేదాంట్లో, లెన్స్ కన్నం ఎఫ్8 దగ్గర పెడితే స్పష్టంగా వచ్చే లోతు సుమారు ఒక్క మిల్లీమీటరు. ఆవగింజ దానికంటే లావు. ముందు వైపు దక్కితే అంచులు మసక. అది చూసి అందరూ కన్నం ఇంకా సన్నం చేసి ఎఫ్22కో ఎఫ్32కో పోతారు. లోతు వస్తుంది గానీ, అంత సన్నని కన్నంలోంచి దూరేటప్పుడు వెలుతురు చెదిరి, గింజ మీది వల లాంటి గీతలు అలికేసినట్టు అయిపోతాయి. దానికితోడు అంత దగ్గరికెళితే లెన్స్ మీద ఎఫ్8 అని పెట్టినా అది ఎఫ్16 లాగే పనిచేస్తుంది, వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. మాకు ఫిల్ము రోజుల్లో ఆ లెక్క వేళ్ల మీద ఉండేది. నీకు ఫొటోలు కలిపి ఒకటిగా చేసే హెలికాన్ ఫోకస్, జెరీన్ స్టాకర్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. ఎఫ్8 దాటకుండా కొంచెం కొంచెం జరుపుతూ చాలా ఫొటోలు తీసి కలుపుకో. కదలని వాటికే సుమా. చిట్లే ఆవాలకి ఈ ఉపాయం పనికిరాదు.

ఇక ఆవాల సంగతి. 1986 ఎండాకాలం, రాజమండ్రిలో మా గురువుగారి దగ్గర పని నేర్చుకుంటున్నాను. మసాలా పొడులు చేసే ఒకాయన పొట్లం మీదికి పోపు ఫొటో అడిగాడు. గురువుగారు పెళ్లికి ఊరెళ్లారు. ఆయన వచ్చేలోపు తీసి చూపించాలని నాకు దుగ్ధ. ఆయన పెంటాక్స్ కే1000కి 50 మి.మీ. లెన్స్‌ని రింగు వేసి తిరగేసి తగిలించాను. అలా తిరగేస్తే, చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా తీసే మాక్రో లెన్స్ కొనే పని లేకుండానే బొమ్మ పెద్దదవుతుంది, కానీ వస్తువుకి నాలుగంగుళాల దూరానికి వెళ్లాలి. పైగా లెన్స్ వెనక భాగం, కన్నాన్ని తెరిచి మూసే ఎపర్చర్ మీట తిరిగే సందుతో సహా, మూకుడు వైపుకి ఉంటుంది.

దగ్గర్నుంచి తీస్తే గింజ మీది దుమ్ము కూడా కనిపిస్తుందని ఆవాలు కడిగాను. గుడ్డతో ఒత్తాను గానీ పూర్తిగా ఆరనివ్వలేదు. కాగిన నూనెలో తడి ఆవాలు పోస్తే ఏమవుతుందో ఏ వంటమనిషిని అడిగినా చెబుతుంది, నేను అడగలేదు. ఒక్కసారిగా పేలినట్టు చిమ్మింది. వ్యూఫైండర్‌లో కుడికన్ను పెట్టి ఎడమకన్ను తెరిచి ఉంచడం నా అలవాటు. నూనె చుక్క ఆ ఎడమ కనురెప్ప మీద పడింది. ఆ కంగారులో లెన్స్ మీద పడ్డ నూనెని చొక్కా అంచుతో తుడిచాను. పూత గీతలు పడింది. నూనె సందులోంచి లోపలికి దిగి ఎపర్చర్ రేకులు అతుక్కుపోయాయి. మద్రాసు పంపి బాగుచేయించాల్సి వచ్చింది.

గురువుగారు తిరిగొచ్చి నా కన్ను చూసి, చెప్పులు కూడా విప్పకుండా కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. కెమెరా గురించి మర్నాడు అడిగారు. అప్పుడు తిట్టిన తిట్లు నీకు రాయను. రెప్ప మీది మచ్చని చిన్నప్పుడు నువ్వు వేలితో తడిమేదానివి, గుర్తుందా? పిల్లి గీరిందని అబద్ధం చెప్పాను.

కాబట్టి పిచ్చిదానా, విను. ఆవాలు కడగకు. రబ్బరు బుడ్డితో ఊది దుమ్ము పోగొట్టు, నోటితో ఊదకు, తుంపర పడుతుంది. వెనక్కి జరిగి సగం సైజుకే తీసి తర్వాత కత్తిరించుకో. లెన్స్‌కీ మూకుడికీ మధ్య గాజు పలక నిలువుగా పెట్టు, ప్రతిబింబం పడకుండా కెమెరా వెనక నల్లగుడ్డ కట్టు. ఫ్లాష్‌ని పక్కనుంచి వెయ్యి. కెమెరాని ఫోన్‌కి కలుపుకుని, నువ్వు గుమ్మం దగ్గర నిలబడి నొక్కు. మూకుడు మూత చేతికందేట్టు ఉంచు. నూనెకి మంట అంటుకుంటే స్టవ్ కట్టేసి మూత వెయ్యి, నీళ్లు మాత్రం పొయ్యకు. ఒక్కదానివే ఉన్నప్పుడు ఈ పని పెట్టుకోకు. అగ్గిపుల్ల గీసి తీస్తాననే మాట కూడా విన్నాను, దాని సంగతి నువ్వు ఇక్కడికి వచ్చాక ఇద్దరం కలిసి చూద్దాం.

వచ్చే వారం మీ అమ్మ హైదరాబాద్ వస్తూ గాజు పలక తెస్తుంది, అంచులు సాన పట్టించాను. అత్త ఆత్రేయపురం పూతరేకులు పెడుతోంది. తినే ముందు ఒకటి వెనక లైటు పెట్టి తియ్యి, ఆ పొరల్లోంచి వెలుతురు ఎలా దిగుతుందో చూడాలని నాకు ఎప్పటినుంచో ఉంది. ఆవాల ఫొటో బాగా వస్తే ముందు నాకు పంపు, ఇన్‌స్టాగ్రామ్‌లో తర్వాత పెట్టుకోవచ్చు.

మావయ్య