మదర్‌బోర్డు సంగతి తరవాత, ముందు క్యాబినెట్‌కి టెస్టర్ పెట్టి చూడండి

"గేమింగుకీ వీడియో ఎడిటింగుకీ డెస్క్‌టాప్ కట్టించుకుంటున్నాను. ఎక్కువకాలం ఆగేలా, అన్ని ఫీచర్లూ ఉండేలా, ఓవర్‌క్లాకింగ్ కూడా చేసుకునేలా ఏ మదర్‌బోర్డు తీసుకోవాలి?" అని అడిగారు. మీది విజయనగరం అని రాశారు కాబట్టి జవాబు ఇస్తున్నాను. బెంగళూరు అని ఉంటే చూసి ఊరుకునేవాణ్ని.

నాది శ్రీకాకుళం. పెళ్లి వీడియోల మిక్సింగు, ఆల్బమ్ డిజైనింగు నా వృత్తి. ముహూర్తాలు మొదలయ్యాయంటే మా షాపులో మెషీన్లు తెల్లవార్లూ నడుస్తూనే ఉంటాయి. ఆ అనుభవంతో ఒక్క ముక్క చెప్తాను. మన రెండు జిల్లాల్లోనూ ఓవర్‌క్లాకింగ్ (ప్రాసెసర్‌ని కంపెనీ ఇచ్చిన వేగం కన్నా ఎక్కువ పరిగెత్తించడం) కోసమని బోర్డు కొనడం దండగ. ఆ తేడా డబ్బుతో మంచి ఎస్‌ఎంపీఎస్ (క్యాబినెట్‌లో కరెంటు సరఫరా చేసే డబ్బా), యూపీఎస్ కొనుక్కుని, మిగిలింది ఎర్తింగు మీద పెట్టండి. యూట్యూబులో ఏసీ గదిలో, క్యాబినెట్ కూడా లేకుండా బల్ల మీద బోర్డు పరిచి టెస్టు చేసేవాళ్లు మీకీ మాట చెప్పరు. వాళ్లకి మే నెల తెలీదు.

2022 వేసవిలో మా చిన్నాన్న కొడుకు వర్క్ ఫ్రం హోం అని హైదరాబాదు నుంచి వచ్చాడు. "అన్నియ్యా, నీ మెషీన్లన్నీ ముసలైపోయాయి, నేనొకటి కట్టిస్తాను" అని పట్టుబట్టి ఇంటెల్ ఐ7 12700కె ప్రాసెసరు, దానికి జెడ్690 బోర్డు తెప్పించాడు. ఇంటెల్‌లో అంతే మరి: ప్రాసెసరు పేరు చివర 'కె' ఉండాలి, బోర్డు చిప్‌సెట్ (బోర్డుని నడిపించే ముఖ్యమైన చిప్పు) జెడ్ సిరీస్‌ది అయ్యుండాలి, అప్పుడే ప్రాసెసర్ వేగం పెంచుకోనిస్తాడు. రెండింటిలో ఏది లేకపోయినా కుదరదు. రెండింటికీ కలిపి డబ్బు గుంజడానికి పెట్టిన పద్ధతి ఇది అని నా అనుమానం. మావాడు రాత్రి పన్నెండింటికి ఏసీ వేసుకుని కూర్చుని పెద్ద కోర్లన్నిటినీ 5.1 గిగాహెర్ట్జ్‌కి ఎక్కించి, టెస్టు పాసయిందని స్క్రీన్‌షాట్ తీసి వాళ్ల ఆఫీసు గ్రూపులో పెట్టుకున్నాడు.

నాలుగు రోజులు పోయాక నరసన్నపేట పెళ్లి ఒకటి డెలివరీ ఇవ్వాలి. పెళ్లికొడుకు తండ్రి రిటైరైన మేష్టారు. మధ్యాహ్నం భోజనం చేసి తిన్నగా షాపుకొచ్చి, పెన్‌డ్రైవ్ చేత్తో పట్టుకుని నా పక్కనే కుర్చీ వేసుకున్నారు. అమెరికాలో ఉన్న కూతురికి ఆ సాయంత్రమే పంపాలట. కరెంటు పోయింది. జనరేటరు మీద కంప్యూటర్లు, ఫ్యాన్లు నడుస్తాయి కానీ ఏసీ నడవదు. గది కాగిపోతోంది.

"ఏటి బాబూ, ఎంతవరకొచ్చింది?"

"అయిపోవచ్చిందండి మేష్టారూ, తలంబ్రాలు దాటేసింది."

ప్రాసెసర్ వేడి చూస్తే సరిగ్గా 100 డిగ్రీలు. దానికి అదే హద్దు, అక్కడికి చేరిందంటే తనంతట తానే వేగం తగ్గించేసుకుంటుంది. 5.1 అని గొప్పగా పెట్టిందల్లా కంపెనీ మామూలుగా ఇచ్చే వేగం కన్నా కిందికి దిగిపోయి ఈడ్చుకుంటూ నడుస్తోంది. పక్క టేబుల్ మీద బి450 బోర్డు, ఏఎండీ కంపెనీ రైజెన్ ప్రాసెసరుతో ఉన్న నా పాత మెషీన్ మాత్రం ఇంకో పెళ్లి తాలూకు ఎక్స్‌పోర్టు నోరెత్తకుండా చేసుకుపోతోంది. దానికి లైట్లూ లేవు, ఓవర్‌క్లాకూ లేదు. అప్పగింతలు వచ్చేసరికి కొత్త మెషీన్ స్క్రీనంతా నీలం రంగు, అంటే విండోస్ పడిపోయింది.

మేష్టారు కళ్లజోడు సర్దుకుని చూసి, "ఇదేటి, నీలంగా అయిపోనాది? ఇదీ వీడియోలోదేనా?" అన్నారు.

మా తమ్ముడు పరుగున వచ్చి క్యాబినెట్ పక్క మూత తీయబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. జిల్లుమంది. మాకది అలవాటే, చెమట చేత్తో ముట్టుకుంటే జిల్లుమనడం అన్ని మెషీన్లకీ ఉంది. కానీ మేష్టారు లేచి నిలబడ్డారు. ఆయన ముప్పై ఏళ్లపైన ఫిజికల్ సైన్సు చెప్పినాయన. "టెస్టర్ ఉందా?" అన్నారు. ఇచ్చాను. క్యాబినెట్ స్క్రూ మీద పెడితే టెస్టర్ చక్కగా వెలిగింది. అటు జనరేటరు మీదా వెలిగింది, తరవాత కరెంటు వచ్చాకా వెలిగింది. పెన్‌డ్రైవ్ జేబులో పెట్టేసుకుని, "నీకు ఎర్తింగ్ లేదు బాబూ, ముందది చూసుకో. వీడియో రేపు తీసుకుంటాను" అని వెళ్లిపోయారు.

ఆయన చెప్పింది నా మాటల్లో ఇది. ఎస్‌ఎంపీఎస్‌లోకి కరెంటు వచ్చే చోట ఫేజుకీ బాడీకీ మధ్య ఒక చిన్న కెపాసిటరు, న్యూట్రల్‌కీ బాడీకీ మధ్య ఇంకొకటి ఉంటాయి. నాయిస్‌ని ఎర్త్‌లోకి తోసెయ్యడం వాటి పని. ఎర్త్ తీగే లేకపోతే 230 వోల్టుల్లో ఇంచుమించు సగం క్యాబినెట్ రేకు మీద తేలుతూ ఉంటుంది. కరెంటు బహు తక్కువ కాబట్టి మనకి జిల్లుమంటుంది, అంతే. అలాంటి క్యాబినెట్‌కి ఎర్త్ ఉన్న టీవీనో, ఇంకో మెషీన్‌నో హెచ్‌డీఎంఐ కేబుల్‌తో కలిపితే ఆ తేడా అంతా పోర్టులోంచి పోతుంది. "పోర్టు ఊరికే పోయింది, బోర్డు క్వాలిటీ బాలేదు" అని కంపెనీని తిట్టేవాళ్లలో సగం మందికి అసలు జబ్బు ఇదే అని నా నమ్మకం.

మర్నాడు ఎలక్ట్రీషియన్ వచ్చి మీటరు బోర్డు విప్పితే, మూడో పిన్ను తీగ అక్కడిదాకా వచ్చి, కోసేసి, మడిచి ఉంది. భూమిలోకి వెళ్లే తీగే లేదు. ఓనరుకి చెబితే, "ఇన్నాళ్లూ ఎవరికీ అక్కర్లేని ఎర్తింగు నీకే కావాల్సొచ్చిందా?" అన్నాడు. అద్దె మాత్రం ఏడాదికోసారి మరవకుండా పెంచుతాడు. చివరికి నా డబ్బుతోనే పెరట్లో గుంత తవ్వించి, ఉప్పు, బొగ్గు పొరలుగా వేయించి తీగ లాగించాను. వేసవిలో ఆ గుంతలో నీళ్లు పోస్తూ ఉండాలి, ఎండిపోతే ఎర్తింగు సరిగ్గా పనిచెయ్యదు. అదే రోజు తమ్ముడి చేత ఆ 5.1 కూడా తీయించి కంపెనీ సెట్టింగులకి తెచ్చేశాం. ఆ తరవాత ఆ మెషీన్ ఎక్స్‌పోర్టు మధ్యలో ఆగింది లేదు. రెండూ ఒకే రోజు చేశారు కదా, ఏది పనిచేసిందో ఎలా తెలుసు అని మా తమ్ముడు ఇప్పటికీ వాదిస్తాడు. వాడికేం, హైదరాబాదులో కూర్చుని ఎన్నైనా అంటాడు.

ఓవర్‌క్లాకింగ్‌కి ఒకప్పుడు అర్థం ఉండేది. 1998లో వచ్చిన 300 మెగాహెర్ట్జ్ ఇంటెల్ సెలెరాన్ 300ఎ ప్రాసెసర్‌ని, బోర్డు మీది బస్ (ప్రాసెసర్‌కి డేటా వెళ్లే దారి) వేగం 66 నుంచి 100కి మార్చి, 450 మెగాహెర్ట్జ్ మీద నడిపేవారు. అంటే ఖర్చు లేకుండా సగానికి సగం వేగం పెరిగినట్టు. ఇప్పుడు ఆ మిగులంతా కంపెనీవాడే పిండేసి పెట్టెలో పెట్టి అమ్ముతున్నాడు. పెట్టె తీసేసరికే 5.5, 6 గిగాహెర్ట్జ్ దాకా పోతున్నాయి. మీరు కిందా మీదా పడి పెంచేది ఏపాటి? పైగా 2023లో కొన్ని రైజెన్ ఎక్స్‌3డి ప్రాసెసర్లు సాకెట్‌లోనే (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) కాలిపోతే, ఏఎండీ ఎస్‌ఓసీ వోల్టేజిని (ప్రాసెసర్‌లో ఒక భాగానికి వెళ్లేది) 1.3కి మించకుండా బయోస్ (బోర్డులో ఉండే సెట్టింగుల ప్రోగ్రాము) ద్వారా కట్టేసింది. 2024లో ఇంటెల్ 13, 14 తరాలకీ వోల్టేజి గొడవే వచ్చి, మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ప్రోగ్రాము) మార్చి, వారంటీ రెండేళ్లు పొడిగించాల్సి వచ్చింది. చేత్తో వోల్టేజి ఎక్కించనివాళ్లకే అలా అయితే మనం ఇంకా వోల్టేజి ఎక్కించడమా? నేనైతే ఎండల్లో ఏఎండీ మెషీన్‌ని ఎకో మోడ్‌లో పెట్టి కరెంటు తగ్గించి నడుపుతాను. తేడా నా కంటికి ఆనదు, ఫ్యాను గోల మాత్రం తగ్గుతుంది. ర్యామ్‌కి మాత్రం బయోస్‌లో ఎక్స్‌ఎంపీ గానీ ఎక్స్‌పో గానీ (ర్యామ్‌ని దాని మీద రాసిన వేగానికి తెచ్చే సెట్టింగులు) ఆన్ చేసుకోండి, అంతవరకు చాలు. అది ఆన్ చెయ్యకపోతే డబ్బిచ్చి కొన్న వేగం మీకు రాదు. ఆ మాట చాలా షాపులవాళ్లు చెప్పరు.

సరే, బోర్డు. ఇంటెల్ 12, 13, 14 తరాలైతే బి760, ఏఎండీ అయితే బి650 చాలు. ఏఎండీలో ఆ బి650 మీదా ఓవర్‌క్లాకింగ్ ఉంది, రేపు మీకు సరదా పుడితే దానికోసం వేరే బోర్డు కొనక్కర్లేదు. మరీ చవకని హెచ్610 లాంటి బోర్డు మీద ఐ7లు, ఐ9లు పెట్టకండి. ఎస్‌ఎంపీఎస్ ఇచ్చే 12 వోల్టుల్ని ప్రాసెసర్‌కి కావలసిన ఒకటి, ఒకటింపావు వోల్టులకి దించేది సాకెట్ చుట్టూ ఉండే వీఆర్‌ఎం. ప్రాసెసర్ 190 వాట్లు లాగుతోందంటే ఆ వోల్టేజి దగ్గర 150 ఆంపియర్లు దాటిపోతుంది, మీ ఇంటి మెయిన్‌కి కూడా అంత ఉండదు. అందుకే 'ఇన్ని ఫేజులు' (అంటే వీఆర్‌ఎంలో ఇన్ని భాగాలు) అని పెట్టె మీద వేసిన అంకె వదిలేసి, వీఆర్‌ఎం మీద బరువైన అల్యూమినియం హీట్‌సింకు స్క్రూలతో బిగించి ఉందా, లేక ఒట్టి ప్లాస్టిక్ మూత వేసి డిజైను అంటున్నాడా చూడండి. 'మిలిటరీ' అని రాసినవన్నీ అలంకారమే. రంగు లైట్లకి ఇచ్చే డబ్బు నా దృష్టిలో బుడ్డీలో పోసిన కిరసనాయిలంత కూడా పనికిరాదు.

ఎడిటింగు అన్నారు కాబట్టి వెనక యూఎస్‌బీ పోర్టులు ఎక్కువ ఉన్నది, ఎస్‌ఎస్‌డీలు పెట్టుకునే ఎం.2 స్లాట్లు రెండు ఉన్నది చూసుకోండి. ర్యామ్ స్లాట్లు నాలుగున్నా డీడీఆర్5 (ఇప్పటి ర్యామ్ రకం) లో రెండు పెద్ద స్టిక్కులే వేసుకోండి, నాలుగూ నింపితే వేగం పడిపోతుంది. ప్రాసెసర్ లేకుండానే పెన్‌డ్రైవ్‌తో బయోస్ మార్చుకునే బటన్, ఎక్కడ ఆగిందో చూపించే చిన్న ఎల్‌ఈడీలు ఉంటే మంచిది. రిపేరు వాడు దగ్గర్లో లేని ఊళ్లో అవి నిజంగా అక్కరకొస్తాయి. సముద్రపు గాలికి ర్యామ్ కాంటాక్టులు పాడై బూట్ కాకపోవడం మా దగ్గర మామూలే. ప్లగ్గు తీసి, ర్యామ్ ఊడదీసి, పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది పెట్టి చూశాకే బోర్డు పోయిందని ఏడవండి.

యూపీఎస్ కొనేటప్పుడు ప్యూర్ సైన్ వేవ్ (లైన్లో వచ్చే కరెంటులాగే నున్నటి తరంగం ఇచ్చేది) అడగండి. ఇప్పటి మంచి ఎస్‌ఎంపీఎస్‌లు కొన్ని చవక యూపీఎస్ మీదకి మారగానే ఆగిపోతాయి, అప్పుడు యూపీఎస్ ఉన్నా లేనట్టే. జనరేటరు మీద నేరుగా మెషీన్ పెట్టకండి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస వైపు తీరం దాటినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అద్దె జనరేటర్ల మీద నెట్ సెంటర్ నడపబోయిన మా బంధువు ఒకాయన బోర్డులు వరసగా పోగొట్టుకున్నాడు. వోల్టేజి ఎంతొస్తోందో చూసే నాథుడు లేడు.

ఎక్కువకాలం అన్నారు కదా, ఆ విషయంలో నా ఓటు ఏఎండీకే. నా బి450 బోర్డు మీద మొదట రైజెన్ 3600 ఉండేది. బయోస్ అప్‌డేట్ చేసి అదే సాకెట్‌లో 5700ఎక్స్ పెట్టాను, బోర్డు ఖర్చు మిగిలింది. ఇప్పటి ఏఎం5 సాకెట్ 2022లో వచ్చింది, 2027 దాకా, ఆ పైనా కొనసాగిస్తామని కంపెనీ చెప్పింది. ఇంటెల్‌లో 12, 13, 14 తరాలకి ఒక సాకెట్ నడిచి, 2024లో కోర్ అల్ట్రా వచ్చేసరికి మళ్లీ మార్చేశారు.

బోర్డు ఏ కంపెనీది అనేది నేను చెప్పను. దేని సర్వీసు సెంటరు విశాఖలో ఉందో కనుక్కుని అది కొనండి. ఒకసారి ఒక బోర్డు పట్టుకుని బస్సెక్కి అక్కడికి పోతే, 'సాకెట్ మూత ఏదీ?' అని అడిగి తీసుకోకుండా తిప్పి పంపారు. రానూ పోనూ రోజంతా పోయింది. కొత్త ఇంటెల్ బోర్డు సాకెట్ మీద ఉండే ఆ నల్ల ప్లాస్టిక్ మూత ప్రాసెసర్ పెట్టగానే పారేస్తారు చాలామంది. దాన్ని పెట్టెలోనే దాచండి. బిల్లు థర్మల్ కాగితం మీద ఇస్తే అక్కడికక్కడే ఫొటో తీసుకోండి. కొన్నాళ్లకి అచ్చు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది, వారంటీ మూడేళ్లుంటుంది.