పాటల పిచ్చి, బ్యాంకు ఉద్యోగం

ప్రశ్న: నా వయసు 31. రాజమహేంద్రవరంలో ఓ బ్యాంకులో పనిచేస్తున్నాను. చుట్టుపక్కల ఊళ్ళల్లో ముసలమ్మలు పాడే విసుర్రాయి పాటలు, అప్పగింతల పాటలు ఫోన్‌లో రికార్డు చేసుకోవడం నాకో పిచ్చి. ఇష్టమైన పని కోసం అన్నీ వదిలేసినవాళ్ళ గురించి చదివినప్పుడల్లా నేనూ రాజీనామా ఇచ్చేయాలనిపిస్తుంది. మా అత్తగారేమో ‘ఆ పాటలు కూడు పెడతాయా?’ అంటారు. ఏం చేయమంటారు మేడమ్?

జవాబు: మీ అత్తగారి ప్రశ్నను కొట్టిపారేయకమ్మా, అది అడగాల్సిందే. ఇంతకీ ఆవిడకు ఎన్ని పాటలు వచ్చో నువ్వెప్పుడైనా అడిగావా? ఉత్తరంలో ఆ ముక్క రాయలేదు.

‘అన్నీ వదిలేసి’ అన్నావు చూడు, నా పేచీ అక్కడే. ఆలేరు దగ్గర శారాజీపేట చింతకింది మల్లేశం సంగతి తీసుకో. ఆరో తరగతితో బడి మానేసిన చేనేత కుర్రాడు. ఒక్క చీరకు ఆసు పోయాలంటే, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పాలంటే, చేతిని దాదాపు 9 వేల సార్లు ఆడించాలి. వాళ్ళమ్మ లక్ష్మి రోజుకు రెండు చీరలకు పోసేది. ఆవిడ భుజం నొప్పి చూడలేక 1992లో యంత్రం పని మొదలుపెట్టాడు. డబ్బులైపోయాయి, పిచ్చి పట్టిందన్నారు. హైదరాబాద్ వెళ్ళి కూలికి కరెంటు పనులు చేస్తూ, మిగిలిన డబ్బుతో ఒక్కో భాగం చేయించుకున్నాడు. చివరి చిక్కు ఎక్కడ విడిందనుకున్నావు? బాలానగర్‌లో పనికెళ్ళినచోట, ఓ మిషన్ కదిలే తీరు చూసి. 1999లో ఆసు యంత్రం తయారైంది, 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ పద్మశ్రీ ఫొటోనే అందరూ షేర్ చేస్తారు. నాకు మాత్రం మధ్యలో ఆ ఏడేళ్ళే కావాలి. కూలిపనికి పోకపోతే ఆ మిషన్ అతని కంటపడేదే కాదు కదా!

బ్రౌన్ దొరా అంతే. 1820లో కడపకు వచ్చిన కుంపిణీ (ఈస్టిండియా కంపెనీ) ఉద్యోగి. సొంత జీతంతో పండితులను, లేఖకులను పెట్టుకుని తాళపత్రాలు ఎత్తి రాయించాడు. (అప్పులు కూడా చేశాడు. అది మాత్రం నేర్చుకోకు.) వేమన పద్యాలు 1829లో అచ్చయ్యాయి, తెలుగు నిఘంటువు వచ్చేసరికి 1852. నెలనెలా జీతం రాకపోతే ఆ లేఖకులకు ఎవరిచ్చేవారు?

ఇంకోటి. బ్రౌన్ చేయించినట్టు ఒకే పద్యాన్ని పది ప్రతుల్లో పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం పోల్చడం ఎంత విసుగో ఊహించు. ఆ విసుగు నీకు పడుతుందా? నీ ఫోన్‌లో ఉన్న పాటల్లో ఎన్నింటికి పాడినావిడ పేరు, ఊరు, ఏ సందర్భంలో పాడతారో రాసిపెట్టావు? రికార్డు చేయడం సరదా, కూర్చుని రాయడం చాకిరీ. ఓ మూడు నెలలు ఆదివారాలు, రెండో శనివారాలు ఆ చాకిరీ చేసి చూడు. అంతకంటే ముందు అన్నీ ఇంకోచోట కాపీ పెట్టుకో; ఫోన్ పోతే పాటలన్నీ పోతాయి. ఎనభై దాటినవాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళు, మిగతావాళ్ళ దగ్గరికి తర్వాతైనా వెళ్ళొచ్చు.

అప్పటికీ రాయడం మీద మోజు తగ్గకపోతే, రాజీనామా కాదు, జీతం లేని సెలవు ఎన్నాళ్ళు ఇస్తారో మీ మేనేజర్‌ని అడుగు.