లేబుల్ మూతపడింది, పాటలు ఎవరివి?

ప్రశ్న: మేడమ్, నేను ర్యాప్ రాసి పాడతాను. 2019లో యూసుఫ్‌గూడలో ముగ్గురు ఫ్రెండ్స్ కలిసి పార్ట్‌నర్‌షిప్ మీద ఒక హిప్‌హాప్ లేబుల్ (పాటలు చేయించి విడుదల చేసే సంస్థ) పెట్టారు. డీడ్ రాసుకున్నారు కానీ రిజిస్టర్ చేయించలేదు. ఒకాయన డబ్బు పెట్టారు, ఒక అన్న బీట్లు చేసేవాడు, ఇంకొకరు షోలు, సోషల్ మీడియా చూసుకునేవారు. 2020 జులైలో వంద రూపాయల స్టాంప్ పేపర్ మీద నా సంతకం తీసుకున్నారు. ‘పాటల మీద అన్ని హక్కులూ లేబుల్‌వే, ఆదాయంలో సగం ఆర్టిస్టుకు, లేబుల్ వదిలాక మూడేళ్లు వేరేవాళ్లకు పాడకూడదు’ అని అందులో ఉంది. ఎన్నేళ్లకో, ఏ దేశాలకో రాయలేదు. ఆ తర్వాత తొమ్మిది పాటలు చేశాం. గచ్చిబౌలి, జూబ్లీహిల్స్ పబ్బుల్లో షోలు, టీషర్టులు, ఒక యాడ్ కూడా వచ్చింది. తర్వాత లెక్కల దగ్గర గొడవలయ్యాయి. 2023లో స్టూడియో సామాను అమ్మేసి ఎవరి దారిన వాళ్లు పోయారు. డబ్బు పెట్టినాయన దుబాయ్‌లో ఉన్నారు. స్ట్రీమింగ్ డబ్బు ఇప్పటికీ ఆయన ఖాతాలోకే పోతోంది. 2022 డిసెంబరు తర్వాత నాకు పైసా రాలేదు. పాటలు నేనే మళ్లీ అప్‌లోడ్ చేసుకుంటానంటే కేసు వేస్తానంటున్నారు. నా స్టేజ్ పేరు మీద కూడా ఆయనే ట్రేడ్‌మార్క్‌కు అప్లై చేశారట. బీట్లు చేసిన అన్నకు ఆ అకౌంట్ పాస్‌వర్డ్ తెలుసు. లాగిన్ అయి బ్యాంకు వివరాలు మార్చేయొచ్చా?
— ఒక ర్యాపర్, అంబర్‌పేట

జవాబు: ముందు ఆఖరి ప్రశ్న సంగతి. వద్దు. ఇంకొకరి పాస్‌వర్డ్‌ను దురుద్దేశంతో వాడితే ఐటీ చట్టం సెక్షన్ 66సి కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. మీకు రావలసిన డబ్బే కదా అనిపించవచ్చు. కానీ ఈ రోజు బాకీ వసూలు చేసుకోవలసిన మనిషి మీరు. ఆ ఒక్క లాగిన్‌తో ముద్దాయి అయిపోతారు, దుబాయ్‌లో ఉన్నాయనకు కావలసిందీ అదే.

ఇక అసలు విషయం. మీరు ‘పాట’ అంటున్నదాంట్లో కాపీరైట్ చట్టం మూడు వేర్వేరు ఆస్తులను చూస్తుంది. మీరు రాసిన సాహిత్యం ఒకటి, దానికి తొలి యజమాని మీరే. బీటు, ట్యూను ఇంకొకటి, అది చేసిన అన్నది. మూడోది రికార్డింగు. దానికి చట్టం దృష్టిలో యజమాని పాడినవాడు కాదు, ఆ రికార్డింగును పూనుకుని, బాధ్యత తీసుకుని చేయించిన నిర్మాత. మీ విషయంలో అది లేబుల్. చాలామంది కళాకారులు ఇక్కడే బోల్తా పడతారు. నా గొంతే కదా, ఫైలు నాదే అనుకుంటారు.

అందుకని పాత రికార్డింగు ఫైలునే మీ పేరుతో అప్‌లోడ్ చేయకండి. ఆ ఒక్క విషయంలో ఆయన బెదిరింపులో పస ఉంది. రిజిస్టర్ కాని ఫర్మ్ కేసు వేయలేదని మీకెవరైనా ధైర్యం చెప్పి ఉంటే, అది సగం నిజం. భాగస్వామ్య చట్టం సెక్షన్ 69 ప్రకారం అలాంటి ఫర్మ్ ఒప్పందాన్ని పట్టుకుని బయటివాళ్ల మీద దావా వేయలేదు. కానీ కాపీరైట్ చట్టమే ఇచ్చిన హక్కు. చట్టం ఇచ్చిన హక్కుల కోసం వేసే దావాకు సెక్షన్ 69 అడ్డు రాదని 2000లో హల్దీరామ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

సాహిత్యం సంగతి వేరు. ఆ స్టాంప్ పేపర్‌తో మీరు లేబుల్‌కు బదలాయించింది దాని మీది హక్కులనే. బదలాయింపు పత్రంలో గడువు రాయకపోతే సెక్షన్ 19 ప్రకారం అది ఐదేళ్లకే పరిమితం. ఏ ప్రాంతమో రాయకపోతే ఇండియాకే పరిమితం. 2020 జులై నుంచి లెక్కేస్తే 2025 జులైతో గడువు తీరింది. అవతలి వకీలు ఊరుకోడు. సంతకం నాటికి పాటలే పుట్టలేదు కాబట్టి ఒక్కో పాటకు అది తయారైన రోజు నుంచి ఐదేళ్లు లెక్కపెట్టాలంటాడు. ఆ వాదనను కొట్టిపారేయలేం. అందువల్ల పాత పాటలతో మొదలుపెట్టండి. గడువు తీరిన సాహిత్యాన్ని మీరు కొత్తగా రికార్డ్ చేసుకోవచ్చు. పాత బీటే కావాలంటే అన్న దగ్గర రాతపూర్వకంగా అనుమతి తీసుకోండి. అయితే ముందు వాళ్ల పార్ట్‌నర్‌షిప్ డీడ్ చదవాలి. భాగస్వాములు చేసిన పనంతా ఫర్మ్ ఆస్తి అని రాసుకుని ఉంటే అన్న ఒక్కడి సంతకం చాలదు.

మూడేళ్లు వేరేవాళ్లకు పాడకూడదన్న షరతు గురించి టెన్షన్ పడకండి. ఒప్పందం ముగిశాక బతుకుదెరువుకు అడ్డుపడే అలాంటి షరతు కాంట్రాక్ట్ చట్టం సెక్షన్ 27 కింద చెల్లదు.

లేబుల్ పోతే పాటలు గాలికి పోతాయనుకోకూడదు. 1991లో లాస్ ఏంజెలిస్‌లో మొదలైన డెత్ రో రికార్డ్స్ అమెరికా ర్యాప్‌ను ఏలింది, 2006లో దివాలా తీసింది. కోర్టు పర్యవేక్షణలో 2009లో దాన్ని ఒక కెనడా కంపెనీ కొన్నది. తర్వాత ఇంకా చేతులు మారింది. చివరికి 2022లో, అక్కడే పేరు తెచ్చుకున్న స్నూప్ డాగ్ ఆ లేబుల్‌ను కొనుక్కున్నారు. అక్కడ కనీసం అప్పులూ ఆస్తులూ లెక్కగట్టడానికి ఒక కోర్టు ఉంది. మన దగ్గర కుర్రాళ్ల ఫర్మ్‌లలో మిక్సర్, మైకులు అమ్మి పంచుకుంటారు గానీ అసలు విలువైన రికార్డింగుల ఊసే ఎత్తరు.

మీ లేబుల్ పెట్టిన ముగ్గురిదీ అదే కథ. రికార్డింగులు ఫర్మ్ ఆస్తి అయితే అవి ముగ్గురివీ. స్ట్రీమింగ్ ఖాతా ఒకరి పేరున ఉన్నంత మాత్రాన ఆస్తి ఆయనది కాదు. అలాగే మీ సగం వాటాకు ముగ్గురూ కలిసీ, విడివిడిగానూ బాధ్యులే (భాగస్వామ్య చట్టం సెక్షన్ 25). దుబాయ్ ఆయన దొరకకపోతే ఇక్కడున్న ఇద్దరి మీదే వేయొచ్చు. బీట్లు చేసిన అన్న కూడా అందులో ఉన్నాడని మరచిపోకండి. అన్న మీద కేసు వేయడం మీకు ఇష్టం ఉండకపోవచ్చు. అయినా నోటీసు ముగ్గురికీ వెళ్లాలి, ఆ సంగతి అన్నకు ముందే చెప్పి పంపండి.

ఇక్కడ ఆలస్యం పనికిరాదు. డబ్బు దావాకు కాలపరిమితి మూడేళ్లు. 2023 మొదట్లో రావలసిన వాటాలకు ముందుగా మురిగిపోయే ప్రమాదం ఉంది. ఆ గడువు లోపల ఆయన ‘నీ లెక్క ఉంది, సెటిల్ చేస్తా’ లాంటి మెసేజ్ ఏదైనా పెట్టి ఉంటే, బాకీ ఒప్పుకున్నట్టు వాదించి గడువును అక్కడి నుంచి లెక్కించమని కోరవచ్చు. ఆ ఫోన్ అమ్మకండి, రీసెట్ చేయకండి. ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి, స్క్రీన్‌షాట్ ప్రింట్ ఒక్కటే సరిపోదు.

నోటీసుకు జవాబు రాకపోతే, విలువ మూడు లక్షలు, ఆపైన ఉంటే కమర్షియల్ కోర్టు. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే దావాకు ముందు మధ్యవర్తిత్వానికి వెళ్లడం తప్పనిసరి. ఇలాంటి తగాదాలకు అది మంచిదే. తొమ్మిది పాటల స్ట్రీమింగ్ డబ్బు కన్నా కోర్టు ఖర్చు పెరిగిపోయిన కేసులు నాకు తెలుసు.

ఈలోగా ఐపీఆర్‌ఎస్‌లో (పాటల రచయితలకూ, సంగీతకారులకూ రాయల్టీ వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీ) రచయితగా సభ్యత్వం తీసుకుని తొమ్మిది పాటలూ నమోదు చేయించండి. 2012 సవరణ తర్వాత, సౌండ్ రికార్డింగులో వాడిన సాహిత్యానికి వచ్చే రాయల్టీలో సమాన వాటాను రచయిత వదులుకుంటానని రాసిచ్చినా చెల్లదు. వారసులకో, కాపీరైట్ సొసైటీకో తప్ప ఎవరికీ ఇవ్వలేరు.

స్టేజ్ పేరు సంగతి ఈ రోజే ట్రేడ్‌మార్క్ వెబ్‌సైట్‌లో వెతికి చూడండి, డబ్బు కట్టనక్కర్లేదు. దరఖాస్తు ట్రేడ్‌మార్క్ జర్నల్‌లో వచ్చిన రోజు నుంచి నాలుగు నెలల్లోపు అభ్యంతరం వేయాలి. రిజిస్టరైపోయి ఉంటే రద్దు కోరాలి. లేబుల్ పుట్టక ముందు నుంచీ ఆ పేరుతో పాడుతున్నట్టు చూపే పోస్టర్లు, వీడియో తేదీలు ఉంటే మీ పక్షం చాలా బలంగా ఉంటుంది.

నా ఉద్దేశంలో మీకు నిజంగా కావలసింది రికార్డింగులు మీ పేరుకు మార్చే ఒక సెటిల్‌మెంట్ పత్రం. పాత బాకీలో కొంత వదులుకుని అయినా అది సంపాదించండి. పాటల పేర్లు, ఒక్కోదాని ఐఎస్‌ఆర్‌సీ కోడ్ (ఒక్కో రికార్డింగుకు ఇచ్చే గుర్తింపు నంబరు) అందులో రాయించండి. పాటల్ని స్ట్రీమింగ్ యాప్‌లకు ఎక్కించే డిస్ట్రిబ్యూటర్‌ను మార్చేటప్పుడు అదే కోడ్ వాడకపోతే ఇన్నాళ్ల ప్లేలు పోయి సున్నా నుంచి మొదలయ్యే ప్రమాదం ఉంది. ముగ్గురి సంతకాలూ ఉండాలి. దుబాయ్ ఆయన అక్కడి భారత కాన్సులేట్‌లో సంతకం చేసి పంపితే, ఆ కాగితం ఇక్కడికి చేరిన మూడు నెలల్లోగా స్టాంప్ డ్యూటీ కట్టండి.