మిరెపుగింజ, మిరపగింజ

ప్రశ్న: అయ్యా, ‘మిరియాలు, పసుపు వంటి సుగంధ ద్రవ్యాలు మెదడును చురుగ్గా ఉంచుతాయి’ అని పత్రికలో చదివిన. చురుగ్గానా, చురుకుగానా? ఇంకొకటి. వేమన పద్యం చెప్తుంటే మా మనుమరాలు ‘తాతా, మిరపగింజ నల్లగ ఎక్కడుంటది?’ అన్నది. ఏం చెప్పాలె?
– ఒక పాఠకుడు, మిర్యాలగూడ

జవాబు: చురుకుగా రాతకు, చురుగ్గా నోటికి. రెండూ సాధువులే. అసలైన ప్రశ్న అడిగింది మీ మనుమరాలు.

మిరపకాయను చీల్చి చూడండి, గింజ పాలిపోయిన పసుపు రంగులో ఉంటుంది. మరి ‘మిరపగింజ చూడ మీఁద నల్లగ నుండు’ ఏమిటి? అది ‘మిరెపుగింజ’ అని నా నమ్మకం. సంస్కృత మరిచం ప్రాకృతంలో ‘మిరియ’ అయి, మన దగ్గర మిరియము అయింది. ‘ము’ పోయి ‘పు’ చేరితే మిరియపు. నోట్లో నలిగి మిరెపు. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల ఓడల్లో అమెరికా కాయ ఒకటి దిగింది. మిరియంలాగే మండింది కనుక మనవాళ్లు మిరియపుకాయ అన్నారు. అదే మిరపకాయ. వచ్చిన కాయ వంటిల్లంతా ఆక్రమించి మిరియాన్ని చారుకూ కషాయానికీ నెట్టింది. చివరికి పద్యంలోనూ దాని చోటు లాక్కుంది.

మిరెపు, మిరప రెండూ మూడు లఘువులే కనుక గణాలు సాక్ష్యం చెప్పవు. యతీ చెప్పదు. చెప్పేది ‘నల్లగ’ ఒక్కటే. అయినా ‘మిరప’ పాఠాన్ని కొట్టేయను. వేమన కాలమే ఇంకా తగవులో ఉంది, మిరియాన్నే మిరప అన్నారేమో. అచ్చువేసేవారు కింద ఒక్క ముక్క అర్థం రాస్తే పిల్లలకు ఈ తిప్పలుండవు.

రెండో పాదం ఇంకా రుచి: ‘కొరికి చూడ లోనఁ జురుకు మనును’. ఈ చురుకు నాలుకది. చురక, చురుక్కు, చురచుర అన్నీ కాలే మాటలే. పాలమూరు ఎండ చురుక్కుమంటుంది చూడండి, అదీ ఇదే. ఆ మంటే నాలుక మీంచి నెత్తికెక్కి ‘చురుకైన పిల్ల’ అయింది, మీ మనుమరాలి లాగా.

పత్రిక మాటకొస్తే, మిరియపు ఘాటు పైపరిన్‌ది. పసుపులోని కర్కుమిన్ ఒంటికి సరిగా పట్టదు. పైపరిన్ తోడైతే పడుతుందని 1998లోనే పరీక్షించి చూపారు. మెదడుకు మేలన్నది మాత్రం ఎక్కువగా ఎలుకల్లో, ప్రయోగశాల గాజు గిన్నెల్లో పెంచిన కణాల్లో చూసిన సంగతి. మనుషుల్లో గట్టిగా తేలలేదు. అలాంటప్పుడు ‘ఉంచుతాయి’ అని తీర్మానించడమేమిటి? ‘ఉంచవచ్చు’ అనాలి. ఈ మధ్య ఆ ‘వచ్చు’ను అందరూ మింగేస్తున్నారు.

సుగంధ ద్రవ్యమంటే అగరు, చందనం. ఇంగువను సుగంధమంటే పక్కింటివాళ్లు ఒప్పుకోవద్దా? మసాల దినుసులు అంటే ఏం పోయింది? ఉర్దూ దారిన వచ్చాయని జంకా? మసాలాకు అరబ్బీలో మూలార్థమే ‘మేలు చేసేవి’.

ఇంతకీ మీ ఊరి పేరులోని మిర్యాలు ఇవేనా? పెద్దలేమంటారో కనుక్కుని రాయండి.