ఒక్క ఫోనుతో పాఠం

ప్రశ్న: పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌ని తరగతిలో దీక్ష యాప్‌తో స్కాన్ చేస్తే వీడియో మధ్యలోనే ఆగిపోతోంది. ఈలోగా పిల్లల గోల. ఏం చేయాలి?
– సైన్సు టీచరు, గుంటూరు

జవాబు: తరగతిలో స్కాన్ చేయకండమ్మా. ముందురోజు ఇంట్లోనే చేసి, వీడియోని డౌన్‌లోడ్ చేసుకోండి. డౌన్‌లోడ్ గుర్తు లేనివాటికి నెట్ తప్పనిసరి, వాటిని వదిలేయండి. ఫ్లైట్ మోడ్‌లో ఒకసారి ఆడించి చూడండి. తరగతిలోనూ అదే మోడ్ ఉంచితే కాల్స్ రావు. కోడ్ పట్టకపోతే చాలాసార్లు లోపం పేజీదే: పుస్తకం వెన్ను దగ్గర కాగితం వంగుతుంది, ట్యూబులైటు మెరుస్తుంది. చదునుగా నొక్కిపట్టండి, లేదా కోడ్ కింద ఉన్న 6 అక్షరాలు టైప్ చేయండి. ఫోను శబ్దం వెనక బెంచీకి వినబడదు; వైరు స్పీకరు పెట్టండి. అన్నిటికన్నా ముఖ్యం, 2 నిమిషాలకోసారి ఆపి ‘ఇప్పుడేమవుతుంది?’ అని అడగండి.