నాన్నగారి ప్రోస్టేట్ ఆపరేషన్, జీడిపిక్కల సీజన్ డబ్బు

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. చిన్న జీడిపప్పు వ్యాపారం. నాన్నగారికి 71 ఏళ్లు. ప్రోస్టేట్ పెరిగింది, టీయూఆర్‌పీ (మూత్రమార్గం గుండా పరికరం పంపి గ్రంథిని గీరి తీసే ఆపరేషన్) చేయించమన్నారు. స్కాన్‌లో గ్రంథి 48 గ్రాములని రాశారు. విశాఖలో ఒక ఆసుపత్రి మామూలు పద్ధతికి 95 వేలు, లేజర్‌కి లక్షా 65 వేలు చెప్పింది. ఆయన పేర హెల్త్ పాలసీ తీసుకుని 14 నెలలైంది. ఈ జబ్బుకి రెండేళ్లు నిండాలట. మూత్రం సాఫీగా రావడానికి ఆయన పాలసీకి ముందు నుంచే మాత్ర వేసుకుంటున్నారు. ఫారంలో అది రాయనక్కర్లేదన్నాడు ఏజెంటు. బ్యాంకులో రెండున్నర లక్షల డిపాజిట్ ఉంది, ఏప్రిల్‌లో పిక్కలు కొనడానికి దాచింది. పది నెలలు ఆగమంటారా, డిపాజిట్ తీసెయ్యమంటారా, అప్పు చెయ్యమంటారా?

జవాబు: ఆపరేషన్ ఎప్పుడన్నది పాలసీ కాగితం చూసి తేల్చుకునేది కాదు. కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ రక్తంలో ఎంతుంది, మూత్రం పోసిన తర్వాత మూత్రాశయంలో ఎంత మిగిలిపోతోంది, కిడ్నీలు ఉబ్బాయా? ఈ మూడూ మీ ఉత్తరంలో లేవు. మూడూ బాగుండి, మాత్రతో నెట్టుకొస్తుంటే కొన్ని నెలలు ఆగడంలో తప్పులేదు, డాక్టరు సరేనంటే. మూత్రం ఒకసారైనా పూర్తిగా బిగిసి గొట్టం వేయాల్సి వచ్చినా, క్రియాటినిన్ పెరుగుతున్నా ఆగొద్దు.

మీ ప్రాంతం కాబట్టి ఇంకో మాట. పక్కనే కిడ్నీ జబ్బులకి పేరుపడ్డ ఉద్దానం. క్రియాటినిన్ పెరిగిందనగానే మన వాళ్లు "ఆ కిడ్నీ జబ్బే" అనుకుని చేతులెత్తేస్తారు. ప్రోస్టేట్ అడ్డుపడి మూత్రం వెనక్కి నొక్కినా క్రియాటినిన్ పెరుగుతుంది. సకాలంలో అడ్డు తీస్తే అది చాలావరకు దిగొస్తుంది కూడా. అలాంటి మనిషిని క్లెయిము కోసం పది నెలలు ఆపి, తర్వాత డయాలసిస్‌కి తిప్పడం ఏ లెక్కలోనూ లాభం కాదు.

పైగా ఆ పది నెలలు ఆగినా పాలసీ డబ్బు వస్తుందని నాకు నమ్మకం లేదు. ప్రోస్టేట్, రాళ్లు, హెర్నియా వంటి వాటికి 24 నెలల గడువు మామూలే. కానీ పాలసీకి ముందే మాత్ర వాడారంటే అది పాత జబ్బు కిందికి వస్తుంది, దానికి 36 నెలల దాకా గడువు పెట్టొచ్చు. ఫారంలో దాచారు కాబట్టి క్లెయిము మొత్తం తిరగ్గొట్టినా ఆశ్చర్యం లేదు. ఎన్నాళ్ల నుంచి మందు వాడుతున్నారో డిశ్చార్జ్ సమ్మరీలో డాక్టరు రాస్తారు. ఆ సంవత్సరాలు తగ్గించి రాయమని మాత్రం బతిమాలకండి, అది మోసం కిందికే వస్తుంది. ఆ మాత్ర సంగతి కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయండి. పాలసీ రద్దు చేయొచ్చు, ప్రీమియం పెంచొచ్చు. అయినా సరే, చెల్లని పాలసీకి ఏటా డబ్బు కట్టడం కన్నా నయం. "రాయనక్కర్లేదు" అన్న ఏజెంటు క్లెయిము రోజున మీ పక్కన నిలబడడు.

మీరు అడగని దారి ఒకటుంది, నా దృష్టిలో అదే మొదటిది. 70 దాటిన ప్రతివారికీ, ఆదాయంతో పని లేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు ఇస్తున్నారు. కేంద్రం దీన్ని 2024 అక్టోబరులో మొదలుపెట్టింది. ఒడిశాలో ఆయుష్మాన్ పథకం 2025 ఏప్రిల్‌లో, రాష్ట్రం సొంత పథకం గోపబంధు జన ఆరోగ్య యోజనతో కలిసి వచ్చింది. ఏడాదికి 5 లక్షల వరకు వైద్యం, పాత జబ్బుకి కూడా మొదటి రోజు నుంచే. ప్రైవేటు పాలసీ ఉన్నా కార్డు తీసుకోవచ్చు. పథకంలో చేరిన ఆసుపత్రి అయితే వేరే రాష్ట్రంలోనూ చెల్లుతుంది, అంటే విశాఖలోనూ. మందులు, పరీక్షలు, వార్డు అన్నీ ప్యాకేజీలోనే, పైడబ్బు అడగకూడదు. మీరు చూసిన ఆసుపత్రి పథకంలో ఉందో లేదో, ఒడిశా కార్డు మీద ప్రోస్టేట్ ఆపరేషన్ చేస్తారో లేదో 14555 కి ఫోన్ చేసి అడగండి. ఆ తర్వాత ఆసుపత్రిలో పథకం పనులు చూసే ఆయుష్మాన్ మిత్ర దగ్గర ఖాయం చేసుకోండి. అక్కడ కుదరకపోతే విశాఖలో ప్రభుత్వాసుపత్రి కేజీహెచ్ ఉంది. బరంపురం ఎంకేసీజీలోనూ అడిగి చూడండి, అది మీ పర్లాకిమిడి మహారాజు పేరు పెట్టుకున్న ఆసుపత్రే కదా.

లేజర్ గురించి. గ్రంథి మరీ పెద్దదైతే (80 గ్రాములు దాటితే), లేదా గుండె కోసం రక్తం పలచబడే మాత్రలు ఆపలేని మనిషైతే లేజర్‌కి అర్థముంది. 48 గ్రాములకి ఆ అదనపు 70 వేలు ఎందుకో డాక్టరునే సూటిగా అడగండి. సెలైన్‌తో (ఉప్పునీటితో) కడుగుతూ చేసే బైపోలార్ పద్ధతి ఉందా అని కూడా అడగండి. పాత పద్ధతిలో కడగడానికి వాడే గ్లైసిన్ నీరు రక్తంలోకి చేరితే సోడియం పడిపోయి ప్రమాదం రావచ్చు, సెలైన్‌తో ఆ భయం ఉండదు.

ఇక చాలామంది లెక్క తప్పేది ఇక్కడ: ఖర్చు డిశ్చార్జ్‌తో ఆగిపోతుందనుకుంటారు. ఇంటికొచ్చిన పది పదిహేను రోజులకి మూత్రం మళ్లీ ఎర్రగా రావచ్చు. చాలాసార్లు నీళ్లు బాగా తాగితే తగ్గుతుంది. గడ్డకట్టి మూత్రం ఆగిపోతే మాత్రం ఆసుపత్రికి పరుగే. జ్వరం, చలి వస్తే ఇన్‌ఫెక్షన్ అని మళ్లీ చేరాల్సి రావచ్చు. కొందరికి గొట్టం తీశాక మూత్రం రాక మళ్లీ వేస్తారు. నెలలు గడిచాక మూత్రనాళం సన్నబడి ధార పలచబడితే, దాన్ని వెడల్పు చేయడం ఇంకో చిన్న ఆపరేషన్. గీరి తీసిన ముక్కల్ని బయాప్సీకి పంపుతారు, అరుదుగా అందులో క్యాన్సర్ బయటపడితే దారి మొత్తం మారిపోతుంది. ఆయుష్మాన్‌లో డిశ్చార్జ్ తర్వాత 15 రోజుల వరకే చూస్తారు. ప్రైవేటు పాలసీల్లో సాధారణంగా 60 రోజులు, కానీ బిల్లులు, చీటీలు అన్నీ ఉండాలి.

అందుకే కార్డు మీద ఉచితంగా అయినా 50 వేలు పక్కన పెట్టండి. రానుపోను బండి, విశాఖలో తోడున్న మనిషి తిండి, పడక, మళ్లీ చూపించుకోవడం, అనుకోకుండా మళ్లీ చేర్చడం, అన్నిటికీ కలిపి. సొంత డబ్బుతో చేయించాల్సి వస్తే 95 వేలకు పైన ఇదే 50 వేలు కలిపి చూసుకోండి, లక్షా 45 వేలు.

ఆ డబ్బు ఎక్కడిది? డిపాజిట్ తీసెయ్యకండి. దాని మీదే బ్యాంకులో ఓవర్‌డ్రాఫ్ట్ (డిపాజిట్‌ని హామీగా పెట్టి వాడుకునే అప్పు) తీసుకోండి. సాధారణంగా డిపాజిట్ వడ్డీకి ఒక శాతం పైన పడుతుంది. మీ డిపాజిట్ ఏడు శాతమైతే ఎనిమిది, అంటే లక్షకి ఏడాదికి 8 వేలు. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తే అదే లక్షకి 24 వేలు. బంగారం రుణం రెండో దారి. పిక్కల కొనుగోలుకి డబ్బు కొంచెం తగ్గితే ఈసారి నాలుగు బస్తాలు తక్కువ కొనండి, వ్యాపారం పోదు.

హెల్త్ పాలసీకి కట్టే ప్రీమియం మీద ఆదాయపు పన్ను మినహాయింపు పాత పన్ను విధానంలోనే. తల్లిదండ్రులు 60 దాటినవారైతే 50 వేల దాకా, నగదుగా కట్టింది చెల్లదు.

ముందుగా నాన్నగారి ఆధార్ తీసి పుట్టిన తేదీ చూడండి. పాతవాళ్లలో చాలామందికి జనవరి 1 అనో, రెండేళ్లు తక్కువగానో పడి ఉంటుంది. అందులో 70 నిండితేనే కార్డు ఇస్తారు. తప్పుంటే ఆపరేషన్ తేదీ ఖాయం చేసుకోకముందే దిద్దించండి.