క్యామ్‌షాఫ్ట్ మార్చిన ఇంజనులో వాల్వుకూ పిస్టన్‌కూ మధ్య ఎంత ఎడం ఉండాలి?

హన్మకొండలో తన పాత కారు ఇంజనుకు ఎక్కువ లిఫ్టున్న (అంటే వాల్వులను మరింత లోతుకు తెరిచే) క్యామ్‌షాఫ్ట్ వేయించి, సిలిండర్లపై మూతలా ఉండే హెడ్డును కూడా చెక్కించిన మిత్రుడొకరు వాల్వులు పిస్టన్లకు తగులుతాయా అని అడిగారు. తగలవచ్చు, కొలవకుండా దయచేసి స్టార్ట్ చేయవద్దు. పిస్టన్ తలపై పిల్లలాడుకునే రంగు బంకమట్టిని అద్ది, దానిపై కొద్దిగా నూనె రాసి, వాడబోయే మందం గల గాస్కెట్‌తోనే హెడ్డును బిగించి, టైమింగునూ ట్యాపెట్ సందునూ (వాల్వుకూ దాన్ని నొక్కే భాగానికీ మధ్య ఖాళీని) సరిచేశాక, క్రాంకును చేత్తో నిదానంగా రెండు పూర్తి చుట్లు తిప్పాలి. పట్టేసినట్లనిపిస్తే బలం పెట్టకూడదు. తరువాత మట్టిని బ్లేడుతో నిలువుగా కోసి, అత్యంత పలుచనైన చోట వెర్నియర్‌తో కొలవాలి: సాధారణంగా ఇన్‌లెట్ వద్ద కనీసం 2 మి.మీ., వేడికి మరింత సాగే ఎగ్జాస్ట్ వద్ద 2.5 మి.మీ. ఉండాలి. హైడ్రాలిక్ లిఫ్టర్లు (నూనె ఒత్తిడితో పనిచేస్తూ వాల్వులను కదిలించే భాగాలు) ఉంటే, అవి అణిగిపోయి, నిజంగా ఉన్నదానికంటే ఎక్కువ ఎడం చూపుతాయి కనుక, కొలిచేంతవరకు వాల్వులకు మెత్తని స్ప్రింగులు వేయండి.